ఒళ్లో లారీతో కొత్తచెరువు దాకా

మా ఇంట్లో బస్టాండు ఉంది. ఈ మాట నాది కాదు, మా ఆయనది. అనంతపురంలో మాకు ఫ్లెక్సీలు ప్రింటు చేసే చిన్న దుకాణం ఉంది. పెళ్ళిళ్ళకూ పుట్టినరోజులకూ నాయకుల స్వాగతాలకూ నిలువెత్తు బొమ్మలు కత్తిరించగా మిగిలిన సన్‌బోర్డు ముక్కలు మూలన గుట్టగా పడి ఉంటాయి. సన్‌బోర్డు అంటే అట్టకన్నా గట్టిగా, చెక్కకన్నా తేలికగా ఉండే తెల్లటి ప్లాస్టిక్ పలక. కత్తి పెడితే జున్నులా తెగుతుంది. మా అబ్బాయి బడిలో చదివే రోజుల్లో ప్రాజెక్టు కోసం ఆ ముక్కలతో ఒక బస్సు మొదలుపెట్టి, సగంలో విసుగొచ్చి వదిలేశాడు. పారేయడానికి మనసొప్పక నేను పూర్తిచేశాను. వాడిప్పుడు బస్సుల ఊసే ఎత్తడు, నేను మాత్రం ఆపలేదు. అల్మారా మీద, ఫ్రిజ్ మీద, చివరికి దేవుడి గూటి పక్కన కూడా బస్సులూ లారీలూ ట్రాక్టర్లూ వచ్చి నిలబడ్డాయి. పిచ్చి ముదిరింది, రోకలి తలకు చుట్టమన్నట్టుంది నా వరస అని ఇంట్లోవాళ్ళు నవ్వుకుంటుండగానే, నేను తీసిపెట్టే వీడియోలు చూసి ఎక్కడెక్కడివాళ్ళో ఫోన్లు చేయడం మొదలుపెట్టారు. రిటైరయ్యే డ్రైవరుకు ఆయన నడిపిన బస్సు కావాలంటారు. కొత్త ట్రాక్టరు కొన్నవాళ్ళు టీవీ పక్కన పెట్టుకోవడానికి చిన్న ట్రాక్టరు కావాలంటారు.

ఈసారి వినాయక చవితి ఫ్లెక్సీల హడావిడి తగ్గాక వచ్చిన ఫోను మాత్రం వేరు. చేసిన అమ్మాయి పేరు సునీత. కొత్తచెరువు దగ్గర ఒక పల్లె, బట్టల మిల్లులో కుట్టుపని. "మా నాయన లారీ డ్రైవరు అక్కా. చనిపోయి ఏడాది దాటినాది. ఈ పెద్దల అమావాస్యకు నాయనకు పెట్టుకోవల్ల. అమ్మ లారీ కావాలంటాంది" అంది. మా సీమలో పెద్దల అమావాస్య నాడు పోయినవాళ్ళ ఫొటో ముందు వాళ్ళకు ఇష్టమైనవన్నీ పెడతాం. తిండీ బట్టలే కాదు, బీడీలు తాగే మనిషైతే బీడీలు కూడా. లారీ పెట్టడం మాత్రం నేనెప్పుడూ వినలేదు. అదే మాట నవ్వుతూ అన్నాను. ఆ అమ్మాయి నవ్వలేదు.

"అమ్మకు ఒగటే కల వస్తాందక్కా. నాయన హైవే పక్కన నిలబడి చెయ్యెత్తి బండ్లు ఆపతాండాడంట. ఏ బండీ నిలబడల్యాదంట. భుజాన టువాలేసుకోని అట్లనే నిలబడి ఉంటాడంట. బతుకంతా బండి నడిపిన మనిషి లిఫ్టు అడుక్కుంటాండాడే అని అమ్మ ఏడుస్తాది. నాయన నడిపిన లారీని ఓనరు ఎప్పుడో తుక్కు కింద అమ్మేసినాడు. నీ వీడియోలు చూపిస్తే, ఈయమ్మ చేస్తే ఆయప్పకు బండి చేరతాది అనింది."

చేస్తానన్నాను. అలా మొదలైంది ఈ ప్రయాణం. నాలాంటి పిచ్చి ఉన్నవాళ్ళు కొందరు ఈ దారి వివరాలు అడిగారు కాబట్టి, వెళ్ళిన దారినీ అక్కడ జరిగినదాన్నీ కలిపే రాస్తున్నాను.

సునీత పంపింది ఒక్కటే ఫొటో. పొడుగు ముక్కు లారీ, దాని ముందు చేతులు కట్టుకుని సన్నటి మనిషి, సునీతావాళ్ళ నాయన అంజినప్ప. ఆయన నిలబడ్డంత మేర లారీ కనబడదు. మిగతాది అలాంటి లారీల ఫొటోలు వెతికి పూరించుకున్నాను. బాడీ సన్‌బోర్డుతో అయింది. ముందరి జాలీ, దీపాలు, నంబరు పలక మా దుకాణంలోనే స్టిక్కరు కొట్టాం. చక్రాలు ఆన్‌లైన్‌లో తెప్పించాను. కంప్యూటరులో గీసిన బొమ్మను బట్టి యంత్రం పొరలు పొరలుగా పోసి చేసే చక్రాలవి, టైరు మీది గీతలు కూడా వేలికి తగులుతాయి. అద్దాలకు నల్ల ఫిల్మ్ అతికించాను. సన్‌బోర్డు పనిచేసేవాళ్ళం చాలామందిమి ఇదే చేస్తాం. నల్ల ఫిల్మ్ వేస్తే లోపల ఏమీ చేయనక్కర్లేదు, పైగా నిగనిగలాడుతుంది. పక్కల చెక్కలు మాత్రం కుదరలేదు. సన్‌బోర్డుకు ఎంత గోధుమరంగు కొట్టినా బిస్కెట్టులా కనిపించింది. సోమందేపల్లెలో ఒకప్పుడు లారీలకు చెక్క బాడీలు కట్టిన వడ్రంగి కరీం సాబ్ ఉన్నాడని తెలిసి ఫోన్ చేస్తే, పల్చటి చెక్క పట్టీలు కోసి ఉంచుతానన్నాడు. కాకపోతే అమావాస్య పొద్దున్నే రమ్మన్నాడు, అంతకుముందు తీరదన్నాడు. సునీతావాళ్ళు పెద్దలకు పెట్టేది మధ్యాహ్నం. పొద్దున్నే బయలుదేరితే రెండూ అవుతాయని లెక్క వేసుకున్నాను.

అనంతపురం నుంచి సోమందేపల్లెకు హిందూపురం వైపు వెళ్ళే ఏ బస్సైనా ఎక్కవచ్చు. జాతీయ రహదారి మీద గంటా ముప్పావు ప్రయాణం, టికెట్టు నూట ఇరవై దాకా అవుతుంది. సొంత బండిలో వెళ్ళేవాళ్ళు రాప్తాడులో ఆగి ఉగ్గాని బజ్జీ తిని వెళ్ళండి, ఆ తర్వాత అంత వేడిగా దొరకదు. నేను ఆరింటి బస్సెక్కాను. పండుగ రోజు కావడంతో చాలామంది నిలబడే ఉన్నారు. రెండడుగుల లారీని అట్టపెట్టెలో పెట్టి, పెట్టెను ఒళ్లో పెట్టుకుని, చంటిపిల్లను పట్టుకున్నట్టు రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాను. కండక్టరు వచ్చి పెట్టె వైపు అనుమానంగా చూశాడు.

"ఏముండాదమ్మా దాంట్లో?"

"లారీ."

"బస్సులోకి లారీ ఎక్కించినావా? ఇంగ దీనికి టికెట్టు ఎట్ల కొట్టల్లప్పా నేను" అని మూత ఎత్తి చూశాడు. చూసి, చిల్లర ఇవ్వడం కూడా మరిచి కాసేపు అలాగే వంగి ఉన్నాడు. "ఫోన్లో చూస్తాంటాను ఇట్లాంటివి. పండుకునే ముందర ఒగటి చూస్తే హాయిగా నిద్ర పడతాది" అన్నాడు.

"మీరెప్పుడన్నా చేసినారా?" అని అడిగాను.

"చిన్నప్పుడు చేయనోడెవడమ్మా? నూనె డబ్బా కోసి బాడీ, పాత చెప్పు కోసి చక్రాలు. ఒగసారి పాతదనుకోని మా నాయన కొత్త చెప్పే కోసినా. ఆ దెబ్బలు ఇప్పటికీ గుర్తుండాయి."

ముందు సీటు ముసలాయన వెనక్కి తిరిగి, తమ కాలంలో చెప్పులే లేవని, జొన్న దంట్లతో బండ్లు చేసుకునేవాళ్ళమని అన్నాడు. ఇంకొకాయన అగ్గిపెట్టెల రైలు గుర్తు చేసుకున్నాడు. రాప్తాడు దాటేసరికి బస్సులో సగం మంది మోటారు వాహనాల తయారీదారులైపోయారు. వింటూ నేను ఒక సంగతి గమనించాను. ఎవరి కాలంలో ఏది మిగిలిపోతే దానితోనే బండి చేసుకున్నారు. జొన్న కోతలున్నప్పుడు జొన్న దంటు, డబ్బా నూనె వచ్చాక రేకు, చెప్పులొచ్చాక రబ్బరు. ఇప్పుడు ఊరినిండా ఫ్లెక్సీలు కాబట్టి నాకు సన్‌బోర్డు. ఒక్క తేడా ఏమిటంటే అప్పుడు చేయని పిల్లవాడు లేడు, చూసేవాళ్ళు లేరు. ఇప్పుడు చేసేవాళ్ళం కొద్దిమందిమి, చూసేవాళ్ళు లెక్కలేనంతమంది.

రోడ్డుకు రెండు వైపులా వేరుశనగ చేలు. ఊడలు దిగి కాయ ఊరే సమయం, వాన మాత్రం మొహం చాటేసింది. మధ్యాహ్నం కాకుండానే ఆకు ముడుచుకుంటోంది. గుండ్రాళ్ళ గుట్టలు, వాటి మధ్య ఎర్రమట్టి, దాన్ని చీల్చుకుంటూ నల్లటి రోడ్డు. అన్నేళ్ళూ అంజినప్ప వేరుశనగ బస్తాలతో తిరిగింది ఈ రోడ్డు మీదనే. కిటికీలోంచి చూస్తూ ఉంటే, రోడ్డు పక్కన టువాలు భుజాన వేసుకుని నిలబడిన ప్రతి మనిషీ ఆయనలాగే కనిపించాడు. అలాంటివాళ్ళు ఈ రోడ్డు పొడుగునా చాలామంది ఉంటారు.

కరీం సాబ్ షెడ్డు సోమందేపల్లెలో రోడ్డుకు కాస్త లోపలగా ఉంటుంది. ఒకప్పుడు ఇక్కడ ఒకేసారి మూడు లారీలు నిలిపి బాడీలు కట్టేవారట. ఇప్పుడు అంత షెడ్డులోనూ ద్వారబంధాలూ పూజ మందిరాలూ ఉన్నాయి. "క్యాబిన్లు ఇప్పుడు కంపెనీ నుంచే వస్తాండాయి, ఇనుపవి. మన చేతికి దేవుడి మందిరాలు వచ్చినాయి. దేవుడు ఎవురికైనా దేవుడే కదమ్మా" అన్నాడు పట్టీలు చేతికిస్తూ. నేను గమ్ముతో అతికిస్తుంటే పక్కన కూర్చుని బీడీ ముట్టించాడు.

"అప్పట్లో బాడీ కట్టంగ మిగిలిన చెక్కతో ఓనరు ఇంటికి చిన్న లారీ ఒగటి చేసిస్తాంటిమి. టెంకాయ కొట్టి పెద్ద బండి ఓనరు చేతికి, చిన్న బండి ఆయన పిల్లోళ్ళ చేతికి. అదొక ఆనవాయితీ. డ్రైవరు పిల్లోళ్ళకు కూడా చేయి సాబ్ అని ఎవురూ అడగల్యాదు, మాకూ తోచల్యాదు" అన్నాడు.

లారీ పూర్తయ్యాక క్యాబిన్ మీద వేలితో టకటకా కొట్టి చూశాడు. "లోపలంతా బోలుగా ఉన్నట్టుండాదే?"

"నల్ల అద్దాలు కదా సాబ్, కనపడదు" అన్నాను.

"సరేలే" అని తన పనికి లేచాడు. నేనూ ఆ మాట అక్కడే వదిలేశాను.

ఇక్కడి నుంచి బస్సులో వెళ్ళాలంటే పెనుకొండకు వెనక్కి వెళ్ళి, అక్కడ కొత్తచెరువు బస్సు పట్టుకోవాలి. అది ఎప్పుడొస్తుందో దానికే తెలియదు. టైము లేక గంగాధర అనే అతని ఆటో తొమ్మిది వందలకు మాట్లాడుకున్నాను. పల్లె దాకా దింపి, పని అయ్యేదాకా ఉండి, మళ్ళీ కొత్తచెరువులో బస్సెక్కించాలి. పెనుకొండకు ముందు పెద్ద కార్ల ఫ్యాక్టరీ వస్తుంది. గోడ వెనకాల కొత్త కార్లు వరసగా, దుమ్ము కూడా పడకుండా మెరుస్తున్నాయి. వాటిని ఎక్కించుకున్న ట్రైలర్లు మా ఆటోను దాటిపోతున్నాయి.

"ఈడ దినామూ కార్లు పుడతాండాయి మేడమ్, వానే పుట్టల్యాదు" అన్నాడు గంగాధర. "ఒగ పదును పడితే కాయ నిండతాది. నాకూ రెండెకరాలుండాది." తర్వాత అద్దంలోంచి పెట్టెను చూస్తూ, "మావోడు ఇట్లాంటివి ఫోన్లో చూస్తాంటాడు. నువ్వూ చేయరాదా అంటే కొనియ్యి అంటాడు" అని నవ్వాడు. పెనుకొండ కోట గుట్టను ఎడమపక్కన వదిలి కుడివైపు తిరిగాక రోడ్డు సన్నబడుతుంది, బళ్ళు తగ్గుతాయి. ఈ ముక్క దారి చాలా బాగుంటుంది. సొంత బండి ఉంటే నెమ్మదిగా వెళ్ళండి.

పల్లె చేరేసరికి పదకొండు కావస్తోంది. సునీత ఎదురొచ్చి లోపలికి తీసుకెళ్ళింది. ఒక్క గది ఇల్లు, అలికి ముగ్గు వేసి ఉంది. గోడవారగా పీట మీద అంజినప్ప ఫొటో. దాని ముందు అరిటాకులో ఓళిగలు, అలసంద వడలు, కోడికూర. పక్కన కొత్త పంచె, బీడీ కట్ట, అగ్గిపెట్టె, గ్లాసు నిండా టీ. వీటన్నిటి మధ్య ఒక పొడుగాటి జాగా మాత్రం ఖాళీగా ఉంది, కొలిచి వదిలినట్టు. అది లారీ కోసం.

సునీతావాళ్ళమ్మ ఓబులమ్మ వంటింట్లోంచి వచ్చింది. పెట్టె మూత తీయగానే చేతులు కొంగుకు తుడుచుకుని, లారీని తానే ఎత్తి జాగాలో పెట్టింది. తర్వాత ఒక్కొక్కటే వేలితో తాకుతూ పోయింది. "హారను. ఇదో, జాలీ. ఈ చెక్కలకు తాడు కట్టి కట్టి చేతులు కాయలు కాసిండె ఆయప్పకు" అంది. నాకు లోపల్లోపల పొంగిపోతోంది, దాచడమెందుకు. మామూలుగా నా బళ్ళు చూసినవాళ్ళు 'అచ్చం నిజందే' అంటారు. ఈమె ఆ మాట కూడా అనకుండా నిజం లారీతో మాట్లాడినట్టు మాట్లాడుతోంది.

అప్పుడామె నేల మీదికి వంగి, డ్రైవరు పక్క అద్దానికి కన్ను ఆనించి చూసింది. చాలాసేపు చూసింది.

"సీటు యాడుండాది మేడమ్?"

"లోపల కనపడదు కదమ్మా, నల్ల ఫిల్మ్. అందరూ ఇట్లనే చేస్తారు" అన్నాను, అలవాటుగా.

"కనపడల్సింది నాకు కాదు కదమ్మా" అంది ఆమె. గొంతులో కోపం లేదు. "ఆయప్ప యాడ కూసుంటాడు?"

సునీత తల్లి భుజం పట్టుకుని, "బొమ్మే కదమ్మా, ఊరికే ఉండు. అక్క అంతదూరం నుంచి తెచ్చినాది" అంది. ఓబులమ్మ లేచి గోడకు చేరగిలబడింది. "సీటు లేని బండి ఎట్ల నడపతాడు? మళ్ళా ఆ రోడ్డు మీదనే నిలబడతాడు" అని మెల్లగా, తనకు తాను చెప్పుకున్నట్టు అంది.

నాకు సిగ్గేసింది, ఏడుపొచ్చింది. జాలీలో గీతలు సరిచూసుకున్నాను, నంబరులో అంకెలు సరిచూసుకున్నాను. మనిషి కూర్చునే చోటు మాత్రం నల్ల ఫిల్ముతో మూసేసి వచ్చాను. "పొద్దు నెత్తి మీదికి వచ్చేలోపల చేస్తానమ్మా" అన్నాను. అనడమైతే అన్నాను గానీ, సంచిలో కత్తి, గమ్ము, స్కేలు తప్ప ఒక్క సన్‌బోర్డు ముక్క లేదు. ఆ పల్లెలో ఫ్లెక్సీ దుకాణమూ లేదు. అట్టపెట్టె కోద్దామంటే, అట్ట సీటు రెండు వారాలకే కుంగిపోతుంది.

"జొన్న దంటుంటే నేనే చేస్తాను" అంది ఓబులమ్మ. మేకలు కాసే వయసులో దంటు లోపలి మెత్తటి బెండుతో బండ్లు, మంచాలు చేసేదట. కాకపోతే జొన్న ఎక్కడుంది? ఊరంతా వేరుశనగే. గుమ్మంలో నిలబడి అంతా వింటున్న గంగాధర, "ఉండుమ్మా, చూసొస్తా" అని ఆటో తీశాడు. అతను వచ్చేలోపు నేను నల్ల ఫిల్మ్ ఒలిచేశాను. డ్రైవరు తలుపు గీత వెంబడి కత్తి దించాను. తయారైన బండిని మళ్ళీ కోయడం నాకు అదే మొదటిసారి. కోసిన తలుపుకు వెనకవైపు గాయాలకు వేసే ప్లాస్టరు పట్టీ అతికిస్తే మడతబందులా పనిచేసింది. తలుపు తెరుచుకుంటోంది, మూసుకుంటోంది.

గంగాధర చంకలో నాలుగు జొన్న దంట్లతో వచ్చాడు. "ఊరి చివర ఒకాయన బర్రెకని పోయినేటి చొప్ప కొంచెం పెట్టుకోని ఉండాడు. బర్రెను అడిగే తెచ్చినా" అన్నాడు. ఓబులమ్మ ముఖం మీద అప్పుడు మొదటిసారి నవ్వు చూశాను. దంటు అంచు పళ్ళతో పట్టి సర్రున బెరడు ఒలిచింది. తెల్లటి బెండు బయటపడింది. నేను కొలత చెబితే ఆమె వేలితో పెట్టి చూసుకుని తుంచింది. నేను గమ్ము అందించబోతే వద్దంది. బెరడును సన్నగా చీల్చి, ఆ పుల్లనే మేకులా గుచ్చి ముక్కకు ముక్క బిగించింది. సీటు తయారైంది, వీపు ఆనించుకునే పలకతో సహా. సునీత పెట్టెలోంచి నాయన పాత లుంగీ తీసి అంచు కత్తిరించి ఇచ్చింది, సీటుకు గుడ్డ వేశాం. స్టీరింగు దేనితో చేయాలా అని చూస్తుంటే, గంగాధర తన నీళ్ళ సీసా మూత కింద ఉండే ప్లాస్టిక్ ఉంగరం లాగి ఇచ్చాడు. బెరడు పుల్ల మీద అది చక్కగా కూర్చుంది.

చేతులు పనిచేస్తుంటే మాటలు వస్తాయి. అంజినప్ప ఒక్కసారి, పెళ్ళయిన కొత్తలో, ఆమెను లారీలో మద్రాసు తీసుకెళ్ళాడట. దారి పొడుగునా ఏ ఊరు వచ్చినా పేరు చెప్పేవాడట. "ఇంటికాడ నుంచి బండి తీసేటప్పుడు కింద నుంచి తలుపు నేనే వేస్తాంటి. వేసి, బాడీ మీద రెండు తట్లు తట్టి, పోనీ అంటాంటి. క్లీనరు ఉండె గానీ, నేను తట్టితేనే కదిలిస్తాండె" అంది. కడపటి రోజుల్లో మంచం పట్టాక కూడా నిద్రలో కుడికాలు నొక్కేవాడట, బ్రేకు అనుకుని.

సీటు లోపల బిగించాక పక్క జాగా ఖాళీగా కనిపించింది. "ఇంకో సీటు పెడదామా అమ్మా? మీరు మద్రాసుకు కూసోని పోయినది" అని అడిగాను.

ఓబులమ్మ ఆ జాగా వైపు చూసి, మిగిలిన బెండు ముక్కలు కొంగులో పోగుచేసుకుంటూ, "దానికి తొందర లేదులేమ్మా. ఆ జాగా అట్లనే ఉండనీ" అంది. సునీత తల తిప్పుకుంది. నేను కత్తి సంచిలో పెట్టేసుకున్నాను.

పొద్దు నడినెత్తికి వచ్చింది. కర్పూరం వెలిగించి, టెంకాయ కొట్టారు. ఆకులు పెట్టాక తలుపు దగ్గరగా వేసి అందరూ బయటికి రావడం ఇక్కడి పద్ధతి. పెద్దలు వచ్చి తినేటప్పుడు మన కళ్ళు వాళ్ళ మీద ఉండకూడదు. ఓబులమ్మ అందరికన్నా చివర వచ్చింది. వచ్చే ముందు లారీ డ్రైవరు తలుపు వేలితో తెరిచి, అలాగే వదిలి వచ్చింది. మేము అరుగు మీద కూర్చున్నాం. గంగాధర కూడా ఫోను జేబులో పెట్టుకుని కూర్చున్నాడు. దూరంగా చేలల్లో ఎవరో ఆవును అదిలిస్తున్న గొంతు వినబడుతోంది. ఓబులమ్మ మూసిన తలుపు వైపే చూస్తోంది. ఆమె పెదవులు కదులుతున్నాయి గానీ మాట వినబడలేదు.

కాసేపటికి లేచి తలుపు తీసింది. నేను గుమ్మం దగ్గరే ఆగాను. లోపల అన్నీ పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. టీ మీద మీగడ కట్టింది. ఓబులమ్మ లారీ దగ్గర గొంతుక్కూర్చుని, క్యాబిన్ లోపలికి ఒకసారి చూసింది. ఒక్క వేలితో తలుపు నెట్టి మూసింది. పక్క చెక్కల మీద రెండు తట్లు తట్టింది.

"పోనీ" అంది.

తర్వాత లేచి, కొంగుతో ముఖం తుడుచుకుని, "రాండి, అన్నం పెడతా" అని అందరినీ పిలిచింది. ఓళిగల మీద నెయ్యి పోసి, వద్దంటున్నా వడ్డించింది. గంగాధర మూడు తిన్నాడు.

తిరుగు ప్రయాణానికి కొత్తచెరువు నుంచి ధర్మవరం మీదుగా అనంతపురం బస్సులున్నాయి. ధర్మవరంలో మారాల్సి రావచ్చు. రెండూ కలిపి వంద దాటదు, రెండున్నర గంటలు పడుతుంది. చీకటి పడకముందే ఇల్లు చేరాను. ఒళ్ళో పెట్టె లేదు, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కిటికీ కమ్మీ పట్టుకుని కూర్చున్నాను. ఆ లారీలో ఇప్పుడు మా దుకాణం సన్‌బోర్డు ఉంది, కరీం సాబ్ చెక్క ఉంది, యంత్రం పోసిన చక్రాలున్నాయి, నీళ్ళ సీసా ఉంగరం ఉంది, మధ్యలో జొన్న బెండు సీటు ఉంది. అన్నిట్లోకీ ముందు పాడయ్యేది ఆ సీటే, పురుగు పడుతుంది. పాడైతే ఓబులమ్మ మళ్ళీ చేస్తుంది, ఆమెకు చేతనవును. కొత్త వస్తువు వచ్చినప్పుడల్లా పాతది పోయిందనుకుంటాం. ఎక్కడో ఒక బర్రె ముందు నాలుగు దంట్లు మిగిలే ఉంటాయి. ఆమెకు ఆ కల మళ్ళీ వచ్చిందో లేదో సునీత చెప్పలేదు, నేనూ అడగలేదు. నేను మాత్రం ఈ వారమంతా ఇంట్లో బస్సుల నల్ల ఫిల్ములు ఒలుస్తూ కూర్చున్నాను. "బస్టాండుకు ప్యాసింజర్లు వస్తాండారా ఏమి?" అని మా ఆయన నవ్వాడు. వస్తారో రారో, కూర్చోవడానికి చోటైతే ఉండాలి కదా అన్నాను.

మీలో బండ్లు చేసేవాళ్ళకు ఒక్క మాట. ఎవరి కోసమైనా, ఏ బండి చేసినా, బాడీ కన్నా ముందు డ్రైవరు సీటు చేయండి, అటువైపు తలుపు తెరుచుకునేలా కోయండి. అద్దాలు చివర పెట్టుకోవచ్చు.